ఐదు ప్రశ్నలూ అయిపోయాక మా అవ్వ ఏడ్చింది

చచ్చినవాళ్ళ నోటినుంచి నిజం రాబట్టగల మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె మా అవ్వ ఆంజినమ్మ. పోలీసులు బతికున్నవాళ్ళ చేత చెప్పించలేకే అవస్థ పడుతుంటారు. మా అవ్వ పాడె మీద పడుకున్నవాడి చేత చెప్పిస్తుంది. చిత్రగుప్తుడు ఎప్పుడైనా ఎవరి పాపమైనా రాసుకోవడం మరిచిపోతే, మడకశిరలో బస్సెక్కి మా ఊరొచ్చి, మా అవ్వను అడిగి రాసుకుని పోతాడు. ఆ బస్సు ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది కాబట్టి పాపం నిలబడే వస్తాడు.

ఇదంతా నేను చెబుతున్నది. మా అవ్వ తన గురించి తను ఒక్క ముక్క చెప్పదు. అడిగితే "ఏముండాది చెప్పేదానికి" అని చేట అందుకుంటుంది. చేటలో చెనిక్కాయలు ఉంటే ఒలుస్తుంది, రాగులు ఉంటే చెరుగుతుంది, ఏమీ లేకపోతే ఖాళీ చేటనే తట్టుకుంటూ కూర్చుంటుంది. చేట చేతిలో ఉన్నంతసేపూ ఆమెను ఎవరూ ఏమీ అడగకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మా అవ్వ పుట్టింది గుమ్మఘట్ట పక్కన. అక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. పెళ్ళై మడకశిర వైపు వచ్చింది. ఇక్కడా అంతే, కాకపోతే కోపం వస్తే ఏ భాషలో తిట్టాలో తేల్చుకోలేక రెండు భాషల్లోనూ తిడుతుంది. మా తాత సోమప్పకు నలభై గొర్రెలు, ఒక గొంగడి, ఒక కర్ర. వాన లేని ఏళ్ళలో గొర్రెలను తోలుకుని మేత ఉన్న చోటికి నడిచిపోయేవాళ్ళు. వాన లేని ఏళ్ళే ఎక్కువ కాబట్టి మా అవ్వ వయసులో సగం నడకలోనే గడిచింది. ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు. మనిషి పొట్టి, నోట్లో ఎప్పుడూ వక్కాకు. గొంతు విప్పిందంటే మూడు చేన్ల అవతల మేకలు తలెత్తి చూస్తాయి.

చదువు రాదు. పొదుపు సంఘంలో వేలిముద్ర వేస్తుంటే ఎవరో నవ్వారని, పట్టుబట్టి నెలరోజుల్లో తన పేరు రాయడం నేర్చుకుంది. నాలుగంటే నాలుగక్షరాలు. ఆ నాలుగూ ఎక్కడ కనిపించినా చదువుతుంది, అయిదోది కనిపిస్తే ముఖం తిప్పుకుంటుంది. నేనూ పెద్ద చదువరిని కాను. ఇంటర్ సగంలో మానేశాను. ఆ సంగతి మా అవ్వ వారానికి రెండుసార్లు గుర్తు చేస్తుంది, నేను మరిచిపోతానని భయం కాబోలు.

ఆమెకు చుట్టుపక్కల పదూళ్ళలో పేరు తెచ్చింది గొర్రెలు కాదు. ఏడుపు.

మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ళు ఎట్లా బతికారో, ఏం తిన్నారో, ఎవరిని కన్నారో అంతా ఆ రాగంలోనే వస్తుంది. అందరూ ఏడవగలరు గాని, అందరికీ అంత సంగతి తెలియదు. మా అవ్వ ఏడిస్తే మాత్రం మనిషి జీవితం మొత్తం లేచి కూర్చుంటుంది. అందుకే "ఆంజినమ్మక్క వచ్చిందాకా ఎత్తొద్దండప్పా" అని పాడె ఆపిన రోజులు కూడా ఉన్నాయి.

తనకు పరిచయం లేనివాళ్ళ గురించి కూడా ఆమెకు అంత ఎట్లా తెలుసని చిన్నప్పుడు నాకు పెద్ద ఆశ్చర్యం. ఒకసారి ఎందుకో మంచి హుషారులో ఉండి తనే చెప్పింది.

"చావింట్లో అడిగితే ఎవురూ చెప్పరు మే. అడగడమే తప్పు. పీనుగ ముందర కూచ్చోని, నీకెన్నెకరాలు అని అడిగితే బాగుంటాదా? అందుకే అడగను. తప్పు పాడతా."

"తప్పు పాడేదేంది అవ్వా?"

"ఐదెకరాల దొరా అని రాగం తీస్తా. కోడలు ఏడుస్తా ఏడుస్తానే తలకాయెత్తి, ఐదు కాదత్తా తొమ్మిది అంటాది. సరే, మళ్ళీ చుట్టుకి తొమ్మిదెకరాల దొరా అంటా. చచ్చినోళ్ళ మీద తప్పు మాట పడితే బతికుండోళ్ళు ఓర్చుకోలేరు. మూడు చుట్లు తిరిగేసరికి అంతా వచ్చేస్తాది."

ఈ పద్ధతి వల్ల మా ఊళ్ళో ఒకసారి పెద్ద సంగతే జరిగింది. లారీ తిప్పేస్వామి పోయినప్పుడు మా అవ్వ మామూలుగానే "ఇద్దరు బిడ్డల తండ్రీ" అని ఎత్తుకుంది. ఇద్దరే అని ఊరంతటికీ తెలుసు, అందులో తప్పేమీ లేదు. వెనక గోడ దగ్గర ఎవరికీ తెలియని ఒకామె నిలబడి ఉంది, చిలమత్తూరు నుంచి వచ్చిందట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ముగ్గురు" అంది. ఇల్లంతా ఏడుపు ఆగిపోయింది. మా అవ్వ మాత్రం ఆగలేదు. రాగం కూడా మార్చకుండా "ముగ్గురు బిడ్డల తండ్రీ" అని అందుకుని ముందుకు పోయింది. దినాల రోజు తిప్పేస్వామి భార్య, ఆ చిలమత్తూరామె ఒకే చోట కూర్చుని వంకాయలు తరిగారు. మగవాళ్ళు మాత్రం ఆ తర్వాత చాలా కాలం మా అవ్వ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు.

మా తాత పోయినప్పుడు కూడా ఆమే ఏడ్చింది. మా తాత మాట్లాడే మనిషి కాదు. పొద్దున అడిగిన దానికి సాయంత్రం తల ఊపేవాడు. ఆ రోజు అవ్వ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "అడిగిన ప్రతి మాటకూ బదులు చెప్పిన మారాజా" అని ఎత్తుకుంది. ఎత్తుకుని ఆగింది. ఎవరైనా దిద్దుతారేమోనని చూసింది. దిద్దవలసిన మనిషి పలకలేదు. "అంతా అబద్ధం" అని తనే అనేసి, అప్పుడు ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశారు.

ఇక ఆట సంగతికి వస్తాను.

మా ఊరి అభిలాష్ బెంగళూరులో చదివి, ఇప్పుడు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తున్నాడు. వస్తూ వస్తూ ఒక ఆట తెచ్చాడు. దానికి పలకా లేదు, పావులూ లేవు. ఒకడు కథ నడుపుతాడు, వాడు అభిలాష్. మిగిలినవాళ్ళం తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి పేరు, బలం, తెలివి ఒక కాగితం మీద రాసుకుంటాం. మంత్రాలు, కోటలు, రాక్షసులు ఉన్న ఒక లేని లోకంలో ఆ మనుషులం అయిపోయి ఏం చేస్తామో నోటితో చెబుతాం. చేసింది నెగ్గిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అభిలాష్‌ది ఒక కఠినమైన నియమం ఉంది. ఆటలో చచ్చిన మనిషి చచ్చినట్టే. ఆ కాగితం చించేస్తాడు. మళ్ళీ రాసుకోవడానికి లేదు.

ఆదివారం మధ్యాహ్నం మా అవ్వ ఇంటి వసారాలో ఆడేవాళ్ళం, అక్కడ గాలి వస్తుందని. వీరేష్ గూడ్సు ఆటో నడుపుతాడు. బయట కోడిని కోయడానికి కళ్ళు మూసుకుంటాడు గాని, ఆటలో గద పట్టుకుని తిరిగే వీరుడు. హేమలత నాతో పాటు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుడుతుంది. ఆటలో ఆమె పూజారిణి, మంత్రాలన్నీ ఆమె దగ్గరే. నాది నీళ్ళ మంత్రగత్తె. చెయ్యి పెడితే ఎండిన బావిలో నీళ్ళూరతాయి. పొట్టిది, నోరు పదును, ఎవరి మాటా వినదు. ఆమెకు నేను పెట్టుకున్న పేరు ఆంజినమ్మ.

ఈ సంగతి మా అవ్వకు చెప్పలేదు. చెబితే నా పేరు పెట్టుకోనిచ్చిందెవరని రెండు భాషల్లోనూ అడుగుతుంది. ఆమె అటుగా వస్తే కాగితం మీద పేరున్న చోట బొటనవేలు పెట్టి మూసేసేదాన్ని. ఇంటర్ సగంలో వదిలాను, కంప్యూటర్ క్లాసు సగంలో వదిలాను, ఆంజినమ్మను మాత్రం రెండేళ్ళపాటు ఒక్క ఆదివారం వదలలేదు. ఆమె ఏం చేసిందో అంతా నోటుపుస్తకంలో తప్పుల తడకగా రాసి పెట్టుకున్నాను.

మా అవ్వకు మా ఆట మీద పెద్ద గౌరవమేమీ లేదు. వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ అన్నీ వినేది.

"ఏమ్మే మౌనీ, లేని ఊర్లో లేని బాయి కోసం ఇంత గలాటా చేస్తాండారే, ఈడ ఉండే బోరు సంగతి ఒకరికన్నా పట్టిందా?"

"ఇది కథ అవ్వా."

"కథయితే ఒకరు చెప్పాల, మిగిలినోళ్ళు వినాల. మీరు నలుగురూ చెప్తాండారు. వినేది నేనొక్కదాన్నే."

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం ఆంజినమ్మకు చావు ముంచుకొచ్చింది. కథలో మేము ఏడుబావుల కోట అనే ఊళ్ళో ఉన్నాం. పేరుకు ఏడు గాని నీళ్ళున్నది ఒక్క బావిలోనే. ఎవరో ఆ బావిలో విషం కలిపారు. గొర్రెలు పడిపోయాయి. బావిని చివరగా తాకింది ఆంజినమ్మే కాబట్టి ఊరంతా ఆమెనే పట్టుకుంది. కథలో పొద్దు మునిగేలోగా అసలు దొంగ ఎవరో చెప్పకపోతే ఆమెను కోట గోడ మీదినుంచి తోసేస్తారు. నిజం తెలిసినవాడు ఒక్కడే, బావి కాపలాదారు ఓబిలేషు. వాడేమో కొట్టంలో చచ్చి పడి ఉన్నాడు.

హేమలత దగ్గర చచ్చినవాళ్ళను మాట్లాడించే మంత్రం ఉంది. అభిలాష్ పుస్తకం తెరిచి నియమాలు చదివాడు. శవం ఐదు ప్రశ్నలకే బదులిస్తుంది. బతికున్నప్పుడు తనకు తెలిసిందే చెబుతుంది, పొడిమాటల్లో చెబుతుంది. ఐదూ అయిపోతే ఆ శవాన్ని పదిరోజుల దాకా మళ్ళీ అడగడానికి లేదు. కాసేపు అట్లాగే కళ్ళు తెరుచుకుని ఉంటుంది, అంతే.

"జాగ్రత్తగా అడగండి," అని అభిలాష్ కళ్ళు తేలేసి, శవం గొంతు పెట్టాడు. "నన్ను లేపింది ఎవురు..."

వీరేష్ ముందుకు వంగాడు. "మేమే అన్నా. బాగుండావా?"

"లేను. చచ్చినాను," అన్నాడు అభిలాష్. ఒక వేలు ముడిచాడు. "ఒకటి."

"రేయ్, అది పలకరింపు కదరా," అన్నాడు వీరేష్.

"ప్రశ్నే. బదులు చెప్పినాను."

హేమలతకు ఒళ్ళు మండిపోయింది. "నీకు బుద్ధుండాదా వీరేషూ, చచ్చినోణ్ణి బాగుండావా అని అడిగేది," అని అతన్ని పక్కకు నెట్టి, శవం వైపు తిరిగి చాలా మర్యాదగా, "మావోడు తెలీక అడిగినాడన్నా, ఏమనుకోవద్దు. మీది యా ఊరు?" అంది.

"ఈ ఊరే. రెండు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని మాట బయటికి వచ్చేసింది. అందులో ఆమె తప్పేముంది, కొత్త మనిషి కనబడితే ఊరు అడగకుండా మాట్లాడటం మాలో ఎవరికి చేతనవుతుంది?

ఈసారి నేనే అందుకున్నాను. "నిన్ను చంపిందెవరు?"

"చూడలేదు. వెనకనించి కొట్టినారు. మూడు."

"బాయిలో విషం కలిపిందెవరు?"

"పేరు తెలీదు. మొగం తెలుసు. నాలుగు."

ఒకటే మిగిలింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నాం. ఆ ముఖం ఎట్లుంటుందని అడగాలని తేల్చుకున్నాం. అంతలో అభిలాష్, నటన ఇంకా బాగుండాలని కాబోలు, శవం గొంతుతో పొడి దగ్గు ఒకటి దగ్గాడు. వీరేష్ చేతిలో నీళ్ళ చెంబు ఉంది.

"నీళ్ళు తాగుతావా అన్నా?" అన్నాడు.

"వద్దు," అన్నాడు అభిలాష్. "ఐదు."

వాకిట్లో అవ్వ చేటలో చెనిక్కాయలు పటపటమంటూనే ఉన్నాయి. వీరేష్ చెంబు కింద పెట్టి తల పట్టుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్ళడగాలని వాళ్ళమ్మ నేర్పింది, శవాలను అడగొద్దని చెప్పలేదు. హేమలత పాచిక వేసి చూద్దామంది. అభిలాష్ తల అడ్డంగా ఊపాడు. కథలో పొద్దు మునిగిపోయిందన్నాడు. జనం దివిటీలు పట్టుకుని వస్తున్నారన్నాడు. ఆంజినమ్మ చేతులు కట్టేశారన్నాడు. "సారీ మౌనీ" అని నా ముందున్న కాగితం తీసుకుని, చించడానికి పైన అంచు పట్టుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ళ మనిషి. ఏడిస్తే అవ్వ నవ్వుతుందని బిగపట్టుకున్నాను.

"ఉండప్పా," అంది అవ్వ.

చేట పక్కన పెట్టింది. నా ఇరవై ఏళ్ళలో ఆమె సగం ఒలిచిన చేట పక్కన పెట్టడం అదే చూడటం. కొంగు దులుపుకుని వచ్చి మా మధ్యలో కూలబడింది. అభిలాష్ చేతిలోని కాగితాన్ని ఒకసారి చూసి, అతన్ని చూసింది.

"ఆ ఓబిలేషు చచ్చినాడంటిరి కదా. ఎవురన్నా ఏడ్చినారా?"

"ఏడ్చేదేంది అవ్వా, ఐదు ప్రశ్నలు అడగాల. అడిగేసినారు. అయిపోయింది."

"ఏడవకుండానే అడిగితిరా? పోలీసోళ్ళు కూడా అట్ల చేయరు కదప్పా. పీనుగ అనాథగా పడుంటే చుట్టూ కూచ్చోని ప్రశ్నలు అడుగుతారా?"

"ఇంక అడిగేదానికి లేదవ్వా."

"నేనేం అడగను. ఏడుస్తా. ఏడ్చొద్దని రాసుండాదా నీ బుక్కులో?"

అభిలాష్‌కు నవ్వొచ్చింది. శవం ఇంకా కాసేపు కళ్ళు తెరిచే ఉంటుంది కదా, ఏడిస్తే ఆటకు అందమే అనుకున్నట్టున్నాడు. "ఏడ్చుకో అవ్వా," అన్నాడు. పాపం, తిప్పేస్వామి పోయిన రోజు వాడు బెంగళూరులో ఉన్నాడు.

మా అవ్వ వక్కాకు పక్కకు ఉమ్మి, మోకాలి మీద చెయ్యి ఆనించి ఎత్తుకుంది. గూట్లో కోళ్ళు లేచాయి.

"ఓ ఓబిలేషా, నా సామీ... ముగ్గురు బిడ్డల తండ్రీ... ముగ్గురినీ యాడ ఇడిసి పోతివయ్యా..."

"ముగ్గురు బిడ్డలు యాడుండారవ్వా," అన్నాడు అభిలాష్. "ఆయప్పకు పెండ్లే కాలేదు."

"పెండ్లి కాకుండానే పోతివా కొడకా... బాయికాడ కాపలా పెడితే మంచమేసుకోని గుర్రు పెట్టి పండుకుంటివే... నీ నిద్రే నిన్ను మింగె కదప్పా..."

"పండుకోలేదవ్వా," అన్నాడు అభిలాష్, ఈసారి కొంచెం గట్టిగా. ఓబిలేషు కథ మొత్తం వారంరోజులు కూర్చుని రాసుకున్నాడు వాడు. "కాపలాలో ఒక్క దినం కన్ను మూసినోడు కాదు. ఆ పొద్దు తెల్లారుజామున కూడా మేలుకోనే ఉన్నాడు, చూసినాడు కూడా."

హేమలత నా తొడ మీద గిల్లింది.

"కన్ను మూయని కొడకా... తెల్లారుజామున కడవ పట్టుకోనొచ్చిన ఆ ఆడమనిషిని చూసి... ఆడకూతురే కదా అని నమ్మితివి కదప్పా..."

"ఆడమనిషి కాదు. మొగోడు."

"మొగోణ్ణి నమ్మిన ఓబిలేషా... కాళ్ళకు చెప్పుల్లేని పేదోడని జాలి పడితివి... పోనీలే పాపమని ఇడిసిపెడితివి..."

"చెప్పుల్లేకపోవడమేంది అవ్వా, కిర్రుకిర్రుమనే కొత్త చెప్పులు. ఆ చప్పుడికే కదా ఓబిలేషు తిరిగి చూసి..."

అభిలాష్ అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. కాగితం చేతిలోంచి జారి కింద పడింది.

నేను నోటుపుస్తకం మీద పడ్డాను. మూడు వారాల కిందటి పేజీ. ఏడుబావుల కోటకు కొత్తగా ఒకడు దిగాడు, ఎద్దుల బండ్ల మీద నీళ్ళ పీపాలు పెట్టుకుని. నడుస్తుంటే వాడి కొత్త చెప్పులు కిర్రుమంటున్నాయని అభిలాష్ చెబితే, కథ నడిపేవాడి నోటి మాట ఏదీ వదలకూడదని అది కూడా రాసుకున్నాను.

"నీళ్ళ బండ్లోడు," అంది హేమలత.

"బాయి చెడిపోతే నీళ్ళు యాడ తెచ్చుకుంటారు? వానికాడే కదా," అన్నాడు వీరేష్. ఈ సంగతి మా ఊరివాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆంజినమ్మ చేతుల కట్లు విప్పారు. నీళ్ళ బండ్లవాడు కోట దాటకముందే వీరేష్ గదతో అడ్డం పడ్డాడు. పాచిక వేస్తే పద్దెనిమిది పడింది. కొత్త చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ పడ్డాయి. అభిలాష్ మాత్రం ఇదేదీ పట్టనట్టు అరగంటసేపు పుస్తకం తిరగేస్తూనే ఉన్నాడు.

"ప్రశ్నల గురించి ఉండాది," అన్నాడు చివరికి. "ఏడుపు గురించి ఒక్క ముక్క లేదు."

"ఆ బుక్కు రాసినోళ్ళ ఊర్లో ఎవురూ చచ్చిపోలేదేమో," అంది అవ్వ, మళ్ళీ చేట అందుకుంటూ.

"అదేంది అవ్వా, నేను శవం మాదిరి గాదు కదా మాట్లాడింది. కథ చెప్పేటోని మాదిరి దిద్దినాను. అది లెక్కలోకి రాదు."

"చచ్చినోడు దిద్దడు నాయనా. ఎవురింట్లో అయినా దిద్దేది బతికుండోళ్ళే. నీకు ఓబిలేషు మీద అంత పావురం, అంత ప్రేమ ఉంటే నువ్వు కూడా ఇంటి మనిషివే కదా."

అభిలాష్ పెన్సిలు వెతుక్కున్నాడు. వాడు మంచివాడు. పుస్తకం చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో, ఏడవకుండా శవాన్ని లేపరాదు, అని ఒక కొత్త నియమం రాశాడు.

అప్పటినుంచీ ఆటలో శవాలన్నీ మా అవ్వవే. వాకిట్లోంచే పలుకుతుంది. అభిలాష్ చెవిలో సంగతి చెబుతాడు, తర్వాత ఆమె ఇష్టం. కిందటి నెల ఒక రాజుగారి శవాన్ని లేపాం. నిధి ఎక్కడ పెట్టావని వీరేష్ అడిగితే, "పది దినాలకొకసారి లేపుతాండారు, ఒకరన్నా వక్కాకు తెచ్చినారా" అంది రాజుగారు. వీరేష్ లేచి దుకాణానికి పోయి తెచ్చాడు. రాజుగారు అది నమిలి, నిధి సంగతి మరిచిపోయినానంది. వీరేష్ ఇప్పుడు శవాన్ని చూస్తే ముందు రెండు చేతులతో నోరు మూసుకుంటాడు. అయినా మొన్న వేళ్ళ సందులోంచి "బువ్వ తింటివా" అనేశాడు. "ఇంగా లేదు, ఒకటి," అంది అవ్వ.

ఆమె ఏడుపు వినడానికి పక్క ఊరి పిల్లలు కూడా వస్తున్నారు. అభిలాష్ నవ్వు రాకుండా కథ నడపలేకపోతున్నాడు. గూట్లో కోళ్ళు మాత్రం ఆదివారం మధ్యాహ్నం గుడ్లు పెట్టడం మానేశాయి.

ఒక్కటే నాకు తేలలేదు. ఆ రోజు మా అవ్వ చేట ఎందుకు పక్కన పెట్టింది? లేని ఊళ్ళో లేని మనిషి చస్తే ఆమెకేం? అడగొచ్చు. అడిగితే చెప్పదని చెప్పానుగా. పైగా ఎట్లా అడగాలో ఆమే నాకు నేర్పింది.

అందుకని ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం ఆమె ముందు కూర్చుని చదివి వినిపించాను. చిత్రగుప్తుడు బస్సులో నిలబడి వస్తాడన్నప్పుడు పెదవి విరిచింది. తిప్పేస్వామి దగ్గర "ఆ యమ్మ పేరు రాయలేదు కదా" అని అడిగింది. తాత దగ్గర చెనిక్కాయ ఒకటి ఒలవకుండానే పొట్టు వైపు వేసింది. చివరికి వచ్చేసరికి నేను గొంతు సవరించుకుని, కావాలనే రాసిన ఆ వాక్యం చదివాను: "మనవరాలి కన్నీళ్ళు చూసి తట్టుకోలేక, నా మీద ఉన్న ప్రేమ కొద్దీ, మా అవ్వ ఆ రోజు చేట పక్కన పెట్టి నా మంత్రగత్తెను కాపాడింది."

అవ్వ చెయ్యి ఆగింది.

"నీ మీద ప్రేమా కాదు, నీ మొగమూ కాదు," అంది. "చించబోయిన కాయితం మీద నా పేరుండాది. రెండేండ్లుగా బొటనేలు పెట్టి మూస్తాండావే, నాలుగక్షరాలుంటే నీ ఏలు మూడిటికే సరిపోతాది. నన్ను నేను కాపాడుకున్నా. పో, పోయి ఇంకో చేట ఎత్తుకోని రా."